కోటి డాలర్ల విషం, డబ్బాలో చిల్లర

1931 మార్చి 2న అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ఒక చట్టం మీద సంతకం చేశారు. పశువులకూ పంటలకూ నష్టం చేసే అడవి జంతువులను ప్రభుత్వ ఖర్చుతో మట్టుబెట్టడానికి పదేళ్ళపాటు ఏటా 10 లక్షల డాలర్లు వాడుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. మహామాంద్యం రోజులవి. ఉచిత భోజనం కోసం జనం వీధుల్లో వరసకట్టి నిలబడుతున్నారు. అలాంటప్పుడు కోటి డాలర్లు ఖర్చుపెట్టి చంపాలనుకున్న జంతువుల్లో ముఖ్యమైనది కయోటీ. మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఆ రెండింటికీ, కుక్కకీ కూడా దగ్గరి చుట్టం.

అప్పటికే తోడేళ్ళ పని అయిపోయింది. ఎల్లోస్టోన్ పార్కులో చివరి తోడేళ్ళను 1926లో చంపేశారు. అదే పద్ధతి కయోటీ మీదా పనిచేస్తుందనుకున్నారు. మాంసం ముక్కల్లో స్ట్రిక్నిన్ అనే విషం కూరి పచ్చిక బయళ్ళలో చల్లారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ‘1080’ అనే ఇంకా ఘోరమైన విషం వచ్చింది. ఆ ఎరలు తిని గద్దలూ కుక్కలూ కూడా చచ్చాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఈ విషాల వాడకాన్ని ఆపేదాకా ఆ యుద్ధం సాగింది.

మరి కయోటీ ఏమైంది? పెరిగింది. ఒకప్పుడు పడమటి మైదానాలకూ ఎడారులకూ పరిమితమైన జంతువు, తోడేలు ఖాళీ చేసిన చోటల్లా ఆక్రమించుకుంటూ అట్లాంటిక్ తీరం దాకా పాకింది. కారణం దాని సంసారంలోనే ఉంది. మందలో మామూలుగా పెద్ద జంటే పిల్లల్ని కంటుంది, మిగతావి ఆ పిల్లల పెంపకంలో సాయపడతాయి. ఆ జంటను చంపితే మంద చెదిరిపోతుంది, కుర్ర ఆడవి ఎక్కడికక్కడ జతకడతాయి. కయోటీల సంఖ్య తగ్గితే తిండి మిగులుతుంది కాబట్టి పుట్టిన పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కొన్నోలీ, లాంగ్‌హర్స్ట్ అనే ఇద్దరు 1975లో లెక్కకట్టి చూశారు. ఏటా నూటికి 75 కయోటీల చొప్పున చంపుతూ పోయినా, జాతి అంతరించడానికి యాభై ఏళ్ళు దాటుతుందని తేలింది.

ఇదంతా గొర్రెల కాపరుల గొడవేలే అని పట్నాలవాళ్ళు అనుకుంటూ ఉండగా 1981 ఆగస్టు వచ్చింది. లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో, సొంత ఇంటి ముందే మూడేళ్ళ పాపను కయోటీ కరిచి ఈడ్చుకెళ్ళింది. తండ్రి విడిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళినా పాప బతకలేదు. కౌంటీ అధికారులు ఆ ఇంటి చుట్టూ అర మైలు మేరలో ఉచ్చులు పెడితే 80 రోజుల్లో 55 కయోటీలు దొరికాయి. ఒక్క పేటలో, అర మైలులో 55! అడవిలో అంత జాగాలో ఒక కుటుంబం ఉంటే గొప్ప. అన్ని జంతువులకు తిండి ఎక్కడిది? కొండవాలు ఇళ్ళలో కొందరు సరదాకి పళ్ళాలు పెట్టి మేపుతున్నారు. చెత్తడబ్బాలూ, వాకిట్లో పెంపుడు పిల్లులకు పెట్టిన గిన్నెలూ మిగతా పని చూసుకున్నాయి. జంతువు ముందు మనిషంటే భయం పోగొట్టుకుంది, తర్వాత మనిషి దగ్గర తిండి దొరుకుతుందని నేర్చుకుంది. ఉచ్చులు ఎన్ని పట్టినా ఆ పళ్ళాలు పెట్టేవాళ్ళు పేటలోనే ఉన్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అమెరికా, కెనడాల్లో కయోటీ వల్ల మనుషులు చనిపోయినట్టు నమోదైన ఘటనలు రెండే. గ్లెండేల్ ఒకటి, 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్‌లో ఒక యువ గాయని మరణం రెండోది. భయం మాత్రం ఆ లెక్క చూసి రాదు, మూడేళ్ళ పిల్ల ఉన్న ఏ తల్లికీ గణాంకాలు ఊరటనివ్వవు.

నగరంలో కయోటీ ఎలా బతుకుతోందో ఓపిగ్గా చూసింది షికాగోవాళ్ళు. 2000లో షికాగో ఉన్న కుక్ కౌంటీలో పరిశోధకుడు స్టాన్లీ గెర్ట్ బృందం వాటి మెడలకు రేడియో పట్టీలు కట్టి వెంబడించడం మొదలుపెట్టింది. పగలు పొదల్లో ముడుచుకుని పడుకుని, రాత్రి వీధుల్లో తిరిగే జంతువులు కనిపించాయి. రోడ్డు పక్కన ఆగి, కార్లు తగ్గాక దాటడం నేర్చుకున్నాయి. అయినా వాటి చావుల్లో ఎక్కువ భాగం వాహనాల కిందే. పెంటికలు తెచ్చి పరీక్షిస్తే ఎలుకలు, పళ్ళు, కుందేళ్ళు, జింకల ఆనవాళ్ళు బయటపడ్డాయి. పెంపుడు పిల్లులవి నూటికి రెండు కూడా లేవు. పైగా నగరానికి బెడదగా మారిన బాతుల గుడ్లు తిని మేలే చేస్తున్నాయట. 2007లో ఒకటి పట్టపగలు షికాగో నడిబొడ్డున సాండ్‌విచ్ దుకాణంలోకి నడిచి వచ్చి, చల్లటి పానీయాల అరలో పడుకుంది. ఎవరినీ కరవలేదు. పట్టుకుని తీసుకెళ్ళేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

పట్టి దూరంగా వదిలేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. వదిలినచోట అది నిలవదు. పాత చోటును వెతుక్కుంటూ బయల్దేరి దారిలో ఏ కారు కిందో పడుతుంది.

అందుకే డెన్వర్ లాంటి నగరాలు బెదిరించే పద్ధతికి వచ్చాయి. ఖాళీ సోడా డబ్బాలో గుప్పెడు చిల్లర వేసి మూతికి టేపు చుట్టాలి. కయోటీ ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకూడదు. చేతులు పైకెత్తి అరుస్తూ, డబ్బా గిలకరిస్తూ దాని వైపే నడవాలి. అది నాలుగడుగులు వెనక్కి వేసి ఆగిందని మనమూ ఆగితే పాఠం తిరగబడుతుంది, ‘ఈ మనిషి అంతే’ అని నేర్చుకుంటుంది. కనుచూపు దాటేదాకా వదలకూడదు. పిల్లలున్న బొరియ దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకూడదు, తల్లి తిరగబడుతుంది. పెరటి గోడ ఆరడుగులుండాలి. దాని అంచున తిరిగే గొట్టం బిగిస్తే ఎక్కబోయిన జంతువు పట్టు దొరక్క జారిపడుతుంది. చూడ్డానికి నవ్వొచ్చే ఏర్పాటే గానీ, పనిచేస్తుంది.

అయితే డబ్బా మోతకు లొంగని దశ ఒకటుంది. వాంకూవర్‌లోని స్టాన్లీ పార్కులో 2020 డిసెంబరు నుంచి తొమ్మిది నెలల్లో 45 మందిని కయోటీలు కరిచాయి. అప్పటికి రెండు దశాబ్దాలుగా సహజీవనం పాఠాలు చెబుతున్న నగరమది. చివరికి 2021 సెప్టెంబరులో రాత్రిపూట పార్కు మూసి, 35 దాకా చంపడానికి అనుమతి ఇచ్చారు. మనిషి చేతి తిండికి మరిగి మీదపడటం నేర్చిన జంతువును మళ్ళీ మొదటికి తేవడం కష్టమని అధికారులు ఒప్పుకున్నట్టే అది. జంతుప్రేమికులకు ఈ మాట రుచించదు. కానీ ప్రేమతో పెట్టిన ముద్దే దాన్ని ఆ స్థితికి తెచ్చిందని వాళ్ళకే ముందు చెప్పాలి.

టెక్సస్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోకూ ఈ బెడద తెలుసు. 2018 చివర్లో, 2019 జనవరిలో ఎల్డొరాడో పార్క్‌వే దగ్గర తెల్లవారుజామున పరుగుకు వెళ్ళినవాళ్ళ మీద కయోటీ పడింది. 2022 మేలో డాలస్‌లో ఇంటి అరుగు మీదున్న రెండేళ్ళ పిల్లవాణ్ణి కరిచింది. చుట్టుపక్కలవాళ్ళు దానికి తినిపించి, చేత్తో నిమిరేవారని తర్వాత బయటపడింది. కరిచింది అదేనని భావించిన కయోటీని చంపారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, మిగిలిన అన్నం పారేయడానికి చేతులు రాక పెరట్లో కాకులకనీ పిచుకలకనీ పెట్టే అమ్మలూ అత్తయ్యలూ ఈ సంగతి వినాలి. పగలు పిట్టలు వదిలిన మెతుకులకు రాత్రి ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట కయోటీ వస్తుంది. అన్నం చెత్తడబ్బాలో వేసి మూత గట్టిగా బిగించండి, మనవణ్ణి చీకటివేళ ఒంటరిగా పెరట్లోకి పంపకండి.