గుండ్లకమ్మ ఒడ్డున ఎదురుచూసినవాళ్లు



మా అమ్మమ్మ కంచంలో మెతుకు వదిలితే ఊరుకునేది కాదు. "ధాత కరువు వస్తే తెలిసొస్తుంది మీకు" అనేది. ఆవిడా ఆ కరువు చూడలేదు, పెద్దవాళ్లు చెప్పగా విన్నదే. ధాత నామ సంవత్సరమంటే 1876-77. వరసగా వానలు లేవు. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. ఆ కరువులో ఒంగోలు ప్రాంతంలో జరిగిన ఒక సంగతి ఈ వేళ చెప్పుకుందాం. అయితే దానికి నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అమెరికా బాప్టిస్టు సంఘంవారు పంపగా శామ్యూల్ డే అనే ఆయన 1836లో మన దేశానికి వచ్చాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, చివరికి 1840లో నెల్లూరులో కాలు నిలిపాడు. ఏళ్లు గడిచాయి. నమ్మినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో పెద్దలకు విసుగు పుట్టింది. డబ్బు పంపడమేగాని ఫలితమేదీ? ఈ పని మూసేద్దామా అని ఒకసారి కాదు, మూడుసార్లు తర్జనభర్జన పడ్డారు. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఒకాయన పటం చూపించి, తెలుగుదేశంలో నెల్లూరొక్కటే ఒంటరి నక్షత్రంలా ఉందన్నాడట. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ నక్షత్రం మీద ఒక గీతం రాశాడు. "లోన్ స్టార్ మిషన్" అన్న పేరు అలా వచ్చింది. మూసేద్దామన్న మాట అప్పటికి వెనక్కి పోయింది.

ఇదంతా సముద్రానికి అవతల. ఇవతల నెల్లూరులో ఉన్నవాళ్లకు ఏం తెలుసు? ఉత్తరం రావడానికే నెలలు పట్టే రోజులు.

1854 జనవరి ఒకటో తేదీన, ఇంకా తెల్లవారకముందే, ఒంగోలు పక్క కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య యుఫీమియా, మనవాళ్లు నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే సుమండీ. ఈ ఊరికి ఒక సువార్తికుణ్ణి పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. చేసి కొండ దిగారు. మర్నాడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. పన్నెండేళ్లు రాలేదు. పుస్తకాలు కొండ మీది ప్రార్థన గురించి ఒక పేజీ రాసి, ఆ పన్నెండేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఆ పన్నెండేళ్ల మీదే ధ్యాస. జూలియా, రూతు నీళ్లు తెచ్చుకుంటూ, వంటచేసుకుంటూ, నలుగురు నవ్వితే పడుతూ ఆ రోజులు ఎలా గడిపారో! దొరల మాటలు పూసగుచ్చినట్టు రాశారు గాని, వీళ్లు ఆ కొండ మీద ఏమన్నారో నేను చదివినంతలో ఎక్కడా కనపడలేదు.

1862లో మళ్లీ మూసేసే మాట వచ్చింది. అప్పుడు జూయెట్ గారు అమెరికాలోనే ఉన్నారు. మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళ్లి తెలుగువాళ్ల మధ్యే చస్తానన్నారట. అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఇంకొకణ్ణి పంపాలిగదా అన్నాడట కార్యదర్శి. అలా వచ్చినవాడు జాన్ క్లౌ. 1865లో మన గడ్డ మీద దిగి, 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి ఒకటిన ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది.

అంతకుముందే పడమటి పల్లె తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ వచ్చి బాప్తిస్మం పొందారు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందు గురువును ఆశ్రయించి యోగం నేర్చినవాడు. ఆయన ద్వారానే ఆ పల్లెల్లో మాట పాకింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఊళ్లో పైకులాలవారు చెప్పేశారు. క్లౌ దంపతులు మాదిగల వైపే నిలబడ్డారు. ఇక పల్లెల్లో కష్టాలు మొదలు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం అన్న కూలివాణ్ణి కామందు ఊరుకుంటాడా? పని లేదన్నారు, దెబ్బలు కొట్టారు.

ఆ మీదట కరువు. కృష్ణా డెల్టానూ మద్రాసునూ కలిపే కాలువను, తర్వాత బకింగ్‌హామ్ కాలువ అన్నదాన్ని, కరువు పనిగా తవ్వించింది సర్కారు. సర్కారు పనుల్లో మేస్త్రీల జులుం చూసి, క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర పాకలు వేయించి, బావులు తవ్వించి, బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలమంది చేరారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టలు మోసేవాళ్లు. అలుపు తీర్చుకునే వేళ బోధకులు పక్కన కూర్చుని, మత్తయి సువార్త 11వ అధ్యాయంలో భారం మోసేవాళ్లను పిలిచే మాట చెప్పేవాళ్లు. నెత్తిన మట్టితట్ట దింపి కూర్చున్న మనిషికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఎందరో బాప్తిస్మం ఇమ్మన్నారు. దొరగారు ఇవ్వనన్నారు. కూలీ డబ్బులు తన చేతిమీదుగా పోతున్నన్నాళ్లు ఇస్తే, తిండి కోసం చేరారన్న మాట వస్తుందని ఆయన భయం. ఒకటి కాదు రెండు కాదు, పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆయన న్యాయం నాకు అర్థమవుతుంది. కాని కలరా తిరుగుతున్న రోజులవి. అడిగి, కాదనిపించుకుని, ఆ లోపలే కన్నుమూసినవాళ్ల సంగతేమిటి? ఇది తలుచుకుంటే నాకు మనసు కుదుటపడదు. ఆయన చేసింది తప్పని అనలేను, ఒప్పని కూడా తేలిగ్గా అనలేను.

1878 జూన్‌లో, సాయం డబ్బులు అయిపోయాయి, ఉన్న క్రైస్తవులు మాత్రమే సభకు రండని కబురు పెట్టారు. వేలమంది వచ్చి ఒంగోలుకు పదిమైళ్లలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర దిగారు. డబ్బు కోసం కాదు అని, కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారట. ఇక ఆయన కాదనలేకపోయారు.

జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది. మూడో తేదీన పొద్దున్నే మొదలుపెట్టి, ఎండవేళ ఆపి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున నీళ్లలో దిగి, మారుతూ ఇచ్చారు. క్లౌ దొరగారు ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు, పక్కనే ఉండి చూశారు. ఆ ఏడు ముగిసేసరికి మొత్తం 9606 మంది.

తిండి కోసం చేరినవాళ్లని తరవాత కూడా కొందరు ఎద్దేవా చేశారు. తిండి పెట్టినప్పుడు చేర్చుకోలేదు, చేర్చుకున్నప్పుడు తిండి పెట్టలేదు మరి! ఊళ్లో లేని మర్యాద ఇక్కడ దొరుకుతుందన్న ఆశ వాళ్లకు ఉండే ఉంటుంది. ఉంటే మాత్రం తప్పేమిటి? మనిషిలా చూడమని దేవుణ్ణి అడగడం భక్తి కాకుండా పోతుందా?

మొదట వచ్చిన డే గారు ఇదేమీ చూడలేదు. అమెరికాలో 1871లోనే పోయారు. 2222 అన్న అంకె చాలామందికి నోటికి వచ్చు. ఆ రోజు ఒడ్డున కాగితాలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్క పేరే చదువుతుంటే, తట్టలు మోసిన ఆడవాళ్లు తమ పేరు వినపడగానే లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని నీళ్లలోకి నడిచారు.