తాలీమ్, తాలింఖానా, ఒక మాస్టర్ సాబ్



పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీకి తెలుగు తీసుకున్నవాడికి కొన్ని మాటల దగ్గర కాలు తడబడుతుంది. నాకు మొదట తడబడింది 'తాలీమ్' దగ్గర. ఇంట్లో అబ్బా నోట తాలీమ్ అంటే చదువు. కాలేజీలో తెలుగు నిఘంటువు తెరిచి చూస్తే తాలీము అంటే సాము, కసరత్తు. తాలింఖానా అంటే పహిల్వాన్లు కుస్తీ పట్టే చోటు. మన ఇంటి మాటే తెలుగువాళ్లింటికి పోయి కండలు పెంచుకుని తిరిగొచ్చినట్టుంది. లెక్చరర్ గారిని అడిగితే, "రెండూ ఒకటే కదయ్యా" అని నవ్వేశారు. అప్పుడు మజాక్ చేస్తున్నారనుకున్నాను.

మొన్న మా చిన్నోడి స్కూల్ నుంచి వాట్సాప్‌లో ఖబర్ వచ్చింది. పరీక్షలయ్యేదాకా గేమ్స్ పీరియడ్ బంద్, ఆ టైంలో లెక్కలు చెప్తారట. మా బేగం "మంచిదే కదా" అంది. చిన్నోడు మాత్రం బ్యాగు మూలన పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరిది సహీ అని నన్నడిగారు. నేను జవాబివ్వలేదు. నాకు ఒక బడిపంతులు యాదికొచ్చాడు.

2024లో రంజాన్ పండక్కి 'మైదాన్' సినిమా వచ్చింది కదా, మీలో చాలామంది పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. అందులో అజయ్ దేవ్‌గణ్ వేసిన కోచ్ పాత్ర మన హైదరాబాద్ ఆయనదే. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో పుట్టారు. సినిమా వచ్చాక అందరూ ఆయన్ని కోచ్ అంటున్నారు గానీ, ఫతే మైదాన్‌లో ఎండలో కూర్చుని సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మా నానా ఎప్పుడూ ఆ మాట వాడలేదు. "మాస్టర్ సాబ్" అనేవాడు. నిజం కూడా అదే. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన టీచరాయన. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943 నుంచి ఇంతెకాల్ అయ్యేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకీ, దేశం జట్టుకీ కోచ్. పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. జీత్‌లు వదిలేయండి, అవి సినిమాలో చూశారు. నేను చెప్పాలనుకున్నది ఆయన ఓటముల గురించి.

ఆ కిస్సాకి ముందు ఇంకో పంతులు సంగతి చెప్పాలి. గురుదత్ సోంధీ. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో ప్రొఫెసర్, తర్వాత ప్రిన్సిపాల్. ఆసియా దేశాలన్నీ ఒకచోట ఆడుకోవాలన్నది ఆయన ఖ్వాబ్. 1934లో ఢిల్లీ, పటియాలాల్లో 'వెస్టర్న్ ఏషియాటిక్ గేమ్స్' జరిపించాడు. వచ్చినవి నాలుగే దేశాలు: ఇండియా, అఫ్ఘానిస్తాన్, సిలోన్, పాలస్తీనా. జంగ్ వచ్చి అది ఆగిపోయింది. 1948లో లండన్ ఒలింపిక్స్‌కి వచ్చిన ఆసియా ప్రతినిధుల్ని అక్కడే కూర్చోబెట్టి సోంధీ మళ్లీ మాట కదిపాడు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఫెడరేషన్ పుట్టింది. 1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు, 11 దేశాలు. జంగ్ చేసిన పాపానికి జపాన్‌ని 1948లో లండన్‌కి పిలవలేదు. ఢిల్లీ పిలిచింది. జపాన్ సైన్యం దెబ్బ తిన్న ఫిలిప్పీన్స్ పిల్లలూ, జపాన్ పిల్లలూ ఒకే ట్రాక్ మీద ఉరికారు. అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు ఆ జంగ్ ముగిసి.

ఆ ఢిల్లీలోనే రహీం సాబ్ జట్టు ఇరాన్‌ని ఫైనల్లో 1-0తో ఓడించి బంగారం తెచ్చింది. గోల్ కొట్టింది మేవాలాల్.

ఇక పాఠం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్లారు. చలిదేశం. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో దిగారు. యుగోస్లావియా 10-1తో ఉతికింది. ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. ఆ పోటీలో బంగారం గెలిచింది హంగరీ. మరుసటేడు అదే హంగరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లాండ్‌ని 6-3తో ఓడించి దునియాని హైరాన్ చేసింది. వాళ్ల ఆటలో సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందు కాపు కాయడు. వెనక్కి జరిగి బంతిని పంచుతాడు. ఎవరూ బంతిని ఎక్కువసేపు దగ్గర పెట్టుకోరు. రహీం సాబ్ ఈ తరీఖాని పట్టుకుని హైదరాబాద్ మైదానాల్లోకి తెచ్చారు.

తెచ్చిన విధానం చూడండి, అచ్చం బడిపంతులు పనే. పిల్లలకి లెక్చర్ ఇవ్వలేదు, టోర్నమెంట్లు పెట్టారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ మనా, బంతి వచ్చిందంటే పంపాల్సిందే. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఐదడుగులకి తక్కువున్న పిల్లలకి వేరే పోటీ, పొడుగోళ్ల మధ్య వాళ్లు నలిగిపోకూడదని. నేను చాలా ఏళ్లు ఎడ్యుకేషన్ వార్తలు రాశాను. 'యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్' అని సెమినార్లలో ఫైళ్లు పంచుతుంటే చాలాసార్లు నాకు ఆ ఎడమకాలి టోర్నమెంటే గుర్తొచ్చేది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం గురించి ఒక కిస్సా ఉంది. ప్రాక్టీసుకి రావడానికి పైసల్లేవంటే, సైకిల్ కిరాయికి మాస్టర్ సాబే ఇచ్చేవారు. ఈ సంగతి బలరాం పెద్దయ్యాక తనే చెప్పాడు. షాగిర్ద్ రాకపోతే పాఠం ఎవరికి చెప్తాం?

1956లో మెల్బోర్న్. తఖ్దీర్ చూడండి, మొదటి మ్యాచ్ మనకి హంగరీతోనే పడింది. కానీ ఆ ఏడే బుడాపెస్ట్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాయి, హంగరీ ఫుట్‌బాల్ జట్టు పోటీకి దిగలేదు. ఏ ఉస్తాదుల ఆట చూసి నేర్చుకున్నారో వాళ్లతో ఆడే మౌకా అలా పోయింది. తర్వాత ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అక్కడ యుగోస్లావియా చేతిలో 4-1, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. ఆ జట్టులో బలరాంతో పాటు అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికారుద్దీన్ లాంటి హైదరాబాదీలున్నారు.

హంగరీ 1960లో రోమ్‌లో ఎదురైంది. మనం ఓడాం, 2-1. మన గోల్ బలరాందే. నాకడిగితే రహీం సాబ్ జిందగీలో అసలైన మార్కుల మెమో ఇది. పది గోల్స్ తిన్న దేశం ఎనిమిదేళ్లకి ఉస్తాద్ ముందు నిలబడి ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ వారంలోనే ఫ్రాన్స్‌తో 1-1 డ్రా కూడా చేసింది. పతకం రాలేదు కాబట్టి ఎవరూ యాది పెట్టుకోలేదు.

తర్వాత 1962, జకార్తా. ఇద్దరు పంతుళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు, పక్కపక్కన కాదు.

నాలుగో ఆసియా క్రీడలకి సోవియట్ సాయంతో కట్టిన కొత్త స్టేడియం తయారైంది. కానీ ఇండోనేషియా ప్రభుత్వం అరబ్ దేశాల వైపు, చైనా వైపు నిలబడి ఇజ్రాయెల్‌కీ తైవాన్‌కీ వీసాలివ్వలేదు. సభ్యదేశాల్ని బయట నిలబెట్టి 'ఆసియా క్రీడలు' అన్న పేరు వాడకూడదని సోంధీ పట్టుబట్టాడు. జకార్తాలో జనం భగ్గుమన్నారు, మన ఎంబసీ మీద పడ్డారు. సోంధీ దేశం విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఈ సంగతి వస్తే మన ఇళ్లలో బహస్ మొదలవుతుందని నాకు తెలుసు. మా చాచా అయితే సుకర్ణో వైపే. ఆయన మాటలో కొంత వజన్ ఉంది. ఆటల్లో సియాసత్ వద్దన్న పెద్దలే 1948లో జపాన్‌నీ జర్మనీనీ పిలవలేదు. కొత్తగా ఆజాదీ తెచ్చుకున్న దేశాలకి ఆ రూల్స్ ఎవరివో అనిపిస్తే తప్పు పట్టలేం. అయినా నేను సోంధీ వైపే. అందర్నీ పిలుస్తానని మాటిచ్చి దావత్ ఒప్పుకుని, ఇద్దరికి తలుపు వేస్తే మిగిలినవాళ్ల పళ్లెంలో బిర్యానీ ఎంత బాగున్నా అది ముందు ఒప్పుకున్న దావత్ కాదు.

కాకపోతే సోంధీ మాటకి ఖరీదు కట్టింది సోంధీ ఒక్కడే కాదు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. ఇండియా పేరు కనపడితే రాళ్లు పడతాయని బస్సులో వంగి కూర్చుని స్టేడియానికి వెళ్లామని మన ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. లోపల కిక్కిరిసిన జనం, మనవాళ్లు బంతి ముట్టుకుంటే కేకలు. తలకి కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్‌ని మాస్టర్ సాబ్ డిఫెన్స్ నుంచి తీసి ఫార్వర్డ్‌లో పెట్టారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. లీగ్ దశలో అదే కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టిది. ఆ స్టేడియంలో మనకి చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందని కూడా ఆటగాళ్లు చెప్పారు. అవే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించింది ఆ జట్టే.

అప్పటికే మాస్టర్ సాబ్‌కి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారం రాలేదు, 1970లో బ్యాంకాక్‌లో కంచు, అంతే. హైదరాబాద్ పిల్లలకి దునియా మైదానం నుంచి పాఠం మోసుకొచ్చే మనిషి లేకుండా పోయాడు. పాఠాలు ఆగిపోలేదు, మనమే క్లాసుకి పోవడం మానేశాం.

ఆయన పోయిన పదిహేనేళ్లకి, 1978లో, యునెస్కో దేశాలన్నీ కలిసి ఒక చార్టర్ రాసుకున్నాయి. వ్యాయామ విద్య, ఆట ప్రతి మనిషి హక్కు అని అందులో ఉంది. తాలీమ్‌లో అది భాగమన్నారు, తీరిక ఉంటే చూద్దాం అనలేదు. పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన మొహల్లాల్లో నలభైకే షుగర్ గోళీలు మింగుతున్న నా ఈడువాళ్లని చూస్తే ఆ లెక్క డాక్టర్ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. నేనూ ఆ గోళీల్లో ఉన్నవాణ్ణే. మా ఉర్దూ బడిలో డ్రిల్ పీరియడ్ ఉండేది, మైదానం లేదు. గోడ నీడలో కూర్చుని అంతాక్షరి ఆడేవాళ్లం. ఆడపిల్లలకైతే ఆ నీడ కూడా దక్కలేదు, ఆ పీరియడ్‌లో క్లాసు ఊడవమనేవాళ్లు.

స్కూల్‌కి వెళ్లి అడిగాను. అక్కడి మేడం మర్యాదగానే విన్నారు. "సార్, మిగతా పేరెంట్స్ అందరూ థాంక్స్ అని మెసేజ్ పెట్టారు" అని ఫోన్ చూపించారు. వాటిలో మా బేగం మెసేజ్ కూడా ఉంది.

ఇంటికొచ్చి బేగంతో కొట్లాట పెట్టుకోలేదు. ఇతవారం అసర్ తర్వాత గల్లీ పిల్లల్ని పోగేసి మాస్టర్ సాబ్ టోర్నమెంట్ పెట్టాం. అలవాటు లేని కాలితోనే తన్నాలి. మా చిన్నోడు రెండుసార్లు కింద పడ్డాడు. పక్కింటి ఆపా కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, తనది ఎడమకాలి వాటం అని ఎవరికీ చెప్పలేదు. బుద్ధిగా కుడికాలితో తంతూనే మూడు గోల్స్ కొట్టింది. బాల్కనీలోంచి చూస్తున్న మా బేగం, వచ్చే ఇతవారం ఎన్నింటికి అని అడిగింది.