ఇల్లే భయమైనప్పుడు

పసిఫిక్ సముద్రంలోని ఫిజీ, టోంగా, సమోవా దీవుల ఆంగ్లికన్ సంఘాలు పాలినేషియా డయోసిస్‌కు చెందినవి. 2020 మార్చిలో ఫిజీలో తొలి కరోనా కేసు బయటపడింది. అందరినీ ఇంట్లోనే ఉండమన్నారు. మరి ఇంట్లోనే దెబ్బలు తినే స్త్రీల మాటేమిటి? గృహహింస బాధితుల హెల్ప్‌లైన్‌కు ఫిబ్రవరిలో 87 ఫోన్లు వస్తే, ఏప్రిల్‌లో 527 వచ్చాయి.

అలాంటి సహోదరీల కోసమే డయోసిస్ స్త్రీల సమాజం 2009లో సువాలో ‘హౌస్ ఆఫ్ సారా’ను ప్రారంభించింది. బాధితుల గోడు వినడం, ధైర్యం చెప్పడం, సహాయం అందే చోటికి చేర్చడం దాని పరిచర్య. అది తెగులు రాకముందే సిద్ధపడి ఉంది.

మన మందిరాల తలుపులు తెరిచే ఉన్నాయి. ఆరాధన ముగిశాక కూడా ఇంటికి వెళ్లడానికి వెనుకాడే సహోదరి మన మధ్య ఉన్నదేమో, ఈ ఆదివారం చూద్దాం. ఆమె మాట విందాం.