చలికాలం కుండ చెప్పే చరిత్ర

మన చరిత్ర రాసినవాళ్ళు ముఠాల గురించి రాశారు, ఫితూరీల గురించి రాశారు, అటవీ చట్టాల గురించి రాశారు. ఆ రోజుల్లో మన పొయ్యి మీద ఏం ఉడికేదో రాసినవాళ్ళు తక్కువ. రాసిన కొద్దిమంది కూడా ఎక్కువగా కరువు తిండి గురించే రాశారు. 1940ల మొదట్లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ మీద పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ జీలుగు మాను దవ్వ నుంచి తీసే పిండి గురించి, మామిడి టెంకల గురించి రాశారు. అవి నిజమే. మన పెద్దలు అవి తిన్నారు. కానీ అవి ఏడాదిలో కొన్ని నెలల తిండి మాత్రమే. చదివినవాళ్ళకు మాత్రం ఆదివాసీ తిండి అంటే ఆకలి తీర్చుకోవడానికి ఏదో ఒకటి తినడమే అన్న అభిప్రాయం మిగిలింది. మన పిల్లలు కూడా ఆ పుస్తకాల నుంచి వచ్చిన పాఠాలే చదువుతున్నారు.

ఈ వ్యాసంలో మనం రెండో కుండ గురించి చెప్పుకుందాం. పంట ఇంటికి వచ్చాక, మంచు దిగాక, ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ కూర్చుని తిన్న రాత్రి భోజనం గురించి. అది ఎలా ఉండేది, ఎందుకు పోయింది, తిరిగి రావాలంటే ఏం కావాలి అన్నవి మూడు ప్రశ్నలు.

ఏడాదికి రెండు కుండలు

మన్యంలో ఆషాఢం, శ్రావణం ఆకలి నెలలు. పాత గింజలు అయిపోతాయి, కొత్త గింజలు ఇంకా చేలోనే ఉంటాయి. టెంకల అంబలి, చేదు దుంపలు, అడవి ఆకుకూరలు ఆ నెలల తిండి. అక్కడి నుంచి పోడు ఒక్కొక్కటిగా ఇవ్వడం మొదలుపెడుతుంది. ఒకే కొండవాలులో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, చిక్కుడు, గుమ్మడి కలిపి వేయడంలో తెలివి ఇదే. అన్నీ ఒకేసారి కోతకు రావు. ముందు సామలు, తర్వాత చోళ్ళు, చలి ముదిరాక కందులు, చిక్కుళ్ళు. వర్షం ఒక పంటను దెబ్బతీస్తే ఇంకొకటి నిలబడుతుంది. మార్గశిరం, పుష్యం వచ్చేసరికి ఇంట్లో గింజ ఉంటుంది, అటక మీద గుమ్మడికాయ ఉంటుంది, పెరట్లో చిక్కుడు పాదు ఉంటుంది.

మన కొత్తల పండుగలు ఈ క్రమానికే పుట్టాయి. సామ కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని ఊరూరా జరుపుకుంటాం. కొత్త పంటను దేవతకు పెట్టకుండా ఎవరూ ముట్టరు. దీన్ని వట్టి నమ్మకంగా చూసేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. గింజ ముదరకముందే కోసుకోకుండా, ఊరంతా ఒకేసారి మొదలుపెట్టేలా కట్టడి చేసే పద్ధతి అది. రాతలో లేని పంటల క్యాలెండరు అది. ఏ ఊళ్ళో ఏ కొత్త చేసేవాళ్ళో అడిగితే ఆ ఊళ్ళో ఏ పంట పండేదో తెలుస్తుంది. పండుగ మిగిలి పంట పోయిన ఊళ్ళు ఇప్పుడు మనకు చాలా ఉన్నాయి.

ఆ రాత్రి భోజనం

అందులో మొదటిది సామ అన్నం, చిక్కుడు పిక్కల పులుసు. ఎండు పిక్కలను పొద్దున్నే నీళ్ళలో వేస్తారు. సాయంత్రం మట్టికుండలో సన్నని సెగ మీద ఉడికిస్తారు. పిక్క సగం ఉడికాక గుమ్మడి ముక్కలు, ఉప్పు, పసుపు, దంచిన మిరపకాయలు పడతాయి. చింతపండు పులుసు చివరనే పోయాలి, ముందే పోస్తే పిక్క గట్టిగా ఉండిపోతుంది. దించే ముందు వేయించి దంచిన వలిసెల పొడి ఒక గుప్పెడు కలిపితే పులుసు చిక్కబడుతుంది, నూనె వేరే అక్కర్లేదు. సామ బియ్యం సోలకు రెండున్నర సోలల నీళ్ళు పోసి వండి, దించాక మూతపెట్టి కాసేపు ఉంచితే పొడిపొడిగా వస్తుంది.

రెండోది చోడి అంబలి. మైదానంలో దీన్ని ఎండాకాలం చలవ కోసం తాగుతారు. మన కొండల్లో చలికాలం కూడా తాగుతాం, వేడివేడిగా. పిండిని ముందురోజు సాయంత్రమే నీళ్ళలో కలిపి పొయ్యి పక్కన పెడతారు. చలికి పిండి త్వరగా పులియదు కాబట్టి పొయ్యి వెచ్చదనం కావాలి. మర్నాడు సామ నూకలు ఉడుకుతుండగా ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికిస్తారు. పక్కన వలిసెల పచ్చడో, నిప్పుల మీద కాల్చిన ఎండుచేపో ఉంటే అదే భోజనం. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని, తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుందని పోషకాహార పట్టికలు చెబుతున్నాయి. బాలింతకు, ఎదిగే పిల్లకు అంబలి పోయాలని మన అమ్మమ్మలు పట్టిక చూడకుండానే చెప్పారు.

మూడోది దుంపలు. చలికాలానికి తీగలు ఎండుతాయి, నేలలో దుంప ఊరి ఉంటుంది. ఎండిన తీగ మొదలును బట్టి దుంపను గుర్తుపట్టడం ఒక విద్య. తవ్వాక దుంప తలను మళ్ళీ గుంతలో పెట్టి మట్టి కప్పడం ఇంకో విద్య, వచ్చే ఏడాది కోసం. తియ్యటి దుంపలను పొయ్యి బూడిదలో కాల్చి ఉప్పూకారంతో తింటారు. చేదు దుంపల సంగతి వేరు. వాటిని పల్చగా తరిగి, బూడిద వేసి ఉడికించి, పారే నీళ్ళలో రాత్రంతా ఉంచి, విషం పోయిందో లేదో పెద్దలు రుచి చూసి చెప్పాకే తింటారు. పుస్తకం చదివి చేయదగ్గ వంట కాదిది, తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి పోతే వంట కూడా పోయినట్టే.

వీటితోపాటు ఆకుల్లో చుట్టి నిప్పుల్లో కాల్చిన చేప, పచ్చి వెదురు బొంగులో ఉడికిన మాంసం. అడవిలో కుండ మోసుకుపోలేని చోట బొంగే కుండ అయ్యింది. ఉత్తరాన గోండుల ఇళ్ళలో జొన్న గట్క, ఎండలకాలంలో ఏరి ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు. ఊరు మారితే కుండ మారుతుంది.

ఎలా పోయింది

మనం మరిచిపోయాం అనడం సులువు. చరిత్ర చూస్తే, మరిచిపోయేలా చేసిన సంగతులు నాలుగు కనిపిస్తాయి.

మొదటిది అడవి మీద పెత్తనం. 1879లో మొదలైన రంప ఫితూరీకి ఒక ముఖ్య కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను. మన్యంలో జీలుగు కల్లు, తాటికల్లు గింజ లేని రోజుల్లో ఆహారం. ఇంటి వాడకానికి గీసుకున్న చెట్టుకు కూడా పన్ను కట్టమన్నప్పుడు అది కడుపు మీద వేసిన పన్ను అయ్యింది. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు కావడం మొదలైంది, పోడుకు అడ్డంకులు వచ్చాయి. పోడు ఆగితే ఆగేది ఒక పంట కాదు, ఏడెనిమిది పంటలు కలిసి ఆగిపోతాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడానికి చాలీచాలని కూలికి మనవాళ్ళతో వెట్టి చేయించారు. పోడు కష్టాలు, ఆ వెట్టి కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దళం దాడికి దారితీశాయి. ఇవాళ మంచు చూడటానికి పర్యాటకులు వచ్చేది ఆ దారినే. ఆ దారి పక్కనే బొంగు చికెన్ అమ్ముతున్నారు. కొన్నవాళ్ళకు ఆ రోడ్డు కథ ఎవరూ చెప్పరు.

రెండోది బియ్యం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. దీని గురించి మనం న్యాయంగా మాట్లాడాలి. ఆకలి నెలల్లో ఆ బియ్యం ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బూజుపట్టిన మామిడి టెంకల పిండి తిని పలువురు ఆదివాసీలు చనిపోయిన సంగతి మనం మరవకూడదు. టెంకల అంబలిని పాతకాలపు కమ్మని వంట అని పొగిడేవాళ్ళు ఆ సంగతి తెలుసుకోవాలి. అయితే ఆకలి నెలల కోసం వచ్చిన బియ్యం చలికాలం కుండలోకి కూడా చేరింది. ఇంట్లో చోళ్ళు ఉన్నా చుట్టం వస్తే తెల్లన్నమే వండాలన్న మర్యాద పుట్టింది.

మూడోది రోకలి. సామకు, కొర్రకు గట్టి పొట్టు ఉంటుంది. దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. ఆ పని తెల్లవారుజామున లేచి ఆడవాళ్ళే చేశారు. రేషను బియ్యానికి ఆ కష్టం లేదు. మన తల్లులు సామలను వదిలేశారంటే రుచి తెలియక కాదు, నడుము నొప్పి తెలిసి. ఆ రుచిని తలుచుకునే మగవాళ్ళు ఆ రోకటి పోటును కూడా తలుచుకోవాలి.

నాలుగోది బడి. ఆశ్రమ పాఠశాలలు మనకు చదువు ఇచ్చాయి. అదే సమయంలో పిల్లలు చిన్న వయసులోనే ఇల్లు వదిలి వెళ్తున్నారు. చలికాలం రాత్రుల్లో ఎక్కువ భాగం హాస్టల్లోనే గడుస్తుంది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో పండుగ వంట ఉంటుంది, రోజువారీ వంట కనపడదు. అమ్మమ్మ చేతి పని పక్కన కూర్చుని చూసిన తరం అలా తెగిపోయింది. హాస్టల్లో తోటిపిల్లలు అంబలి అని వెక్కిరిస్తే, ఆ మాట ఇంట్లో కూడా పలకడం మానేసిన పిల్లలున్నారు.

ఇక వలిసెలకు మైదానంలో ఉన్న పేరు వెర్రినువ్వులు. కొన్నిచోట్ల గడ్డినువ్వులు. నువ్వులు అసలైనవి, మనవి వెర్రివి. అరకులోయ పసుపు పూలతో నిండినప్పుడు ఫొటో తీసుకునేవాళ్ళకు ఆ పూల నుంచి వచ్చే గింజ తిండి అని తెలియదు. పేరు తక్కువ చేస్తే తిండి తక్కువవుతుంది, తిన్న మనిషి తక్కువవుతాడు.

అన్నీ అనాదివేనా

మన తిండిలో ప్రతిదీ అనాదిగా ఉన్నదే అని చెప్పుకోవాల్సిన పని లేదు. చోళ్ళు, వలిసెలు రెండూ పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవి. మిరప, గుమ్మడి, మొక్కజొన్న అమెరికా ఖండాలవి, యూరపువాళ్ళ ఓడలు ఇటు వచ్చాకే మన దేశానికి చేరాయి. చింతపల్లి వైపు పండే రాజ్మా కూడా ఆ ఖండాలదే. ఎక్కడి నుంచో వచ్చిన గింజను మన నేలకు, మన చలికి, మన కుండకు సరిపడేలా మలుచుకున్నది మన పెద్దలే. మన తిండి చరిత్ర మారుతూ వచ్చిన చరిత్ర. కాబట్టి ఇప్పుడు కుక్కరులో సామ అన్నం వండితే తప్పేమీ లేదు.

తిరిగి రావాలంటే

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నం దుకాణాల్లో సామలు, కొర్రలు అందమైన సంచుల్లో కనిపిస్తున్నాయి, బియ్యం కంటే ఎక్కువ ధరకు. మనం పండించి అమ్మి, రేషను బియ్యం తింటే ఆ గిరాకీ మన కుండకు చేసిన మేలు కొంతే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు కలిసి ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేస్తున్నారు. అవి అమ్మకానికీ వెళ్తున్నాయి, మన పిల్లల చేతికీ వస్తున్నాయి. మనకు కావలసిన దారి అది.

మొదట కావలసింది పొట్టు తీసే మిల్లు. పంచాయతీకి ఒకటి ఉంటే ఆడవాళ్ళ మీద పాత బరువు పడకుండా సామలు ఇంటికి వస్తాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమిలో ఒక మూల అయినా కలగలుపు పంటకు వదలాలి. కాఫీ, అల్లం, పసుపు డబ్బు తెస్తాయి, కాదనలేం. ఆ డబ్బుతో చిక్కుడు పిక్కలు కొనుక్కోవాల్సి వస్తే మాత్రం లెక్క సరిచూసుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక పని. ఈ సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికి వెళ్ళేటప్పుడు ఐదు ప్రశ్నలు రాసి ఇవ్వండి. మీ ఇంట్లో ఒకప్పుడు చలికాలం రాత్రి ఏం వండేవారు? దాన్ని మీ భాషలో, కువిలోనో కోయలోనో సవరలోనో, ఏమంటారు? ఎవరు దంచేవారు, ఎవరు వండేవారు? ఎప్పుడు మానేశారు, ఎందుకు? దాని విత్తనం ఇప్పుడు ఎవరింట్లో ఉంది? తిరిగి వచ్చాక ఆ జవాబులన్నీ ఒక నోటుపుస్తకంలో చేరిస్తే, ఏ పుస్తకంలోనూ లేని మీ ఊరి చరిత్ర తయారవుతుంది.

ఐదో ప్రశ్నను వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. వంట విధానం రాసిపెట్టుకుంటే ఎన్నాళ్ళయినా ఉంటుంది. కుండలో దాచిన గింజకు మొలకెత్తే శక్తి ఏటేటా తగ్గిపోతుంది. మీ ఊళ్ళో ఏ ముసలవ్వ దగ్గరైనా పాతరకం సామలు గుప్పెడు ఉంటే, ముందు ఆ గుప్పెడు అడిగి తీసుకోండి. తొలకరికి చల్లండి.