వకీలు లేని రాజీ: 1923 కార్మిక నష్టపరిహార చట్టంలో ఒప్పందపు నమోదు

1923 మార్చి 5న ఆమోదం పొంది, 1924 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టాన్ని సంక్షేమ శాసనాల వరుసలో తొలి మెట్లలో ఒకటిగా పేర్కొనడం పరిపాటి. అయితే పరిహారం ఎంత అన్న ప్రశ్నతో సమానంగా, దాన్ని కోర్టు మెట్లెక్కకుండా కార్మికుని చేతికి చేర్చడమెలా అన్న ప్రశ్న కూడా ఆ చట్ట నిర్మాణంలో కనిపిస్తుంది. రాజీని ప్రోత్సహిస్తూనే రాజీని అనుమానించిన చట్టమది. ఈ వ్యాసం ఆ ద్వంద్వాన్ని పరిశీలిస్తుంది.

అంతకుముందు గాయపడిన కార్మికునికి సివిల్ దావాయే మార్గం. మృతుల కుటుంబాలకు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉన్నా, యజమాని తప్పును రుజువు చేయవలసిన భారం వారిదే. బ్రిటన్‌లో 1897 చట్టం ఈ భారాన్ని తొలగించింది. జోసెఫ్ ఛాంబర్లెయిన్ దానికి ప్రధాన ప్రోత్సాహకుడు. తప్పెవరిదన్న వాదన పోతే వకీలు అవసరమూ తగ్గుతుందన్నది అప్పటి ఆశ. కానీ ప్రమాదం 'ఉద్యోగం వల్ల, ఉద్యోగ క్రమంలో' జరిగి ఉండాలన్న ఒక్క పదబంధం చుట్టూ అక్కడి న్యాయస్థానాలలో వ్యాజ్యాలు పోగుపడ్డాయి. అదే పదబంధం భారత చట్టంలోని 3వ సెక్షన్‌లోకీ వచ్చింది.

భారత చట్టం వివాదాలను సివిల్ కోర్టు పరిధి నుంచి తప్పించి కమిషనర్‌కు అప్పగించింది. పరిహారాన్ని అంకెల పట్టికగా మార్చింది. తొలి రూపంలో మరణానికి 30 నెలల వేతనం లేదా రూ. 2,500, శాశ్వత సంపూర్ణ అశక్తతకు 42 నెలల వేతనం లేదా రూ. 3,500, వీటిలో ఏది తక్కువైతే అది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 25 శాతం, ఒక కన్ను పోతే 30 శాతం నష్టమని షెడ్యూలు లెక్కగట్టింది. నెలకు 20 రూపాయలు సంపాదించే వయోజన కార్మికుని బొటనవేలు పోతే 42 నెలల వేతనమైన 840 రూపాయలలో నాలుగో వంతు, అంటే 210 రూపాయలు రావాలి. శరీరానికి ధర కట్టిన ఈ పట్టిక కఠినంగా కనిపించవచ్చు. కానీ కూడికలు వచ్చిన మేస్త్రీ ఎవరైనా తేల్చగల లెక్క అది.

22వ సెక్షన్ ప్రకారం ఉభయులూ ఒప్పందం ద్వారా తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఏదైనా మిగిలినప్పుడే కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అంటే రాజీయే నియమం, విచారణ అపవాదం. నిరక్షరాస్యుడు కోరితే కమిషనర్ పర్యవేక్షణలోనే దరఖాస్తు రాయించాలని కూడా చట్టం చెప్పింది. సవరణలతో స్థిరపడిన 24వ సెక్షన్ న్యాయవాదికే కాక, రిజిస్టరైన కార్మిక సంఘపు బాధ్యునికి కూడా కార్మికుని తరఫున హాజరయ్యే అవకాశమిచ్చింది.

ఇక అనుమానం సంగతి. పరిహారపు హక్కును వదులుకునే ఒప్పందం ఏదైనా 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. పరిహారాన్ని రాజీతో తేల్చుకుంటే, ఆ ఒప్పందపు పత్రాన్ని యజమాని కమిషనర్‌కు పంపాలని 28వ సెక్షన్ ఆదేశించింది. ఉభయులకూ నోటీసు అందాక ఏడు రోజులు గడవనిదే దాన్ని నమోదు చేయరాదు. మొత్తం చాలదనిపించినా, మోసమో అనుచిత ఒత్తిడో కనిపించినా నమోదుకు నిరాకరించి, తగిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. పత్రం పంపకపోతే? 29వ సెక్షన్ సమాధానం ఆసక్తికరమైనది. యజమాని పూర్తి పరిహారం చెల్లించాలి. అప్పటికే ముట్టజెప్పిన సొమ్ములో, కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప, సగానికి మించి మినహాయించుకోరాదు. తెల్ల కాగితం మీద వేయించుకున్న వేలిముద్రకు చట్టం విధించిన వెల అది. వకీలు లేని కార్మికునికి వకీలు స్థానంలో నిలబెట్టదలచినది ఈ నమోదు పుస్తకాన్నే అనడం అతిశయోక్తి కాదు.

అయితే పత్రం పంపే బాధ్యత యజమానిదే కావడం ఈ ఏర్పాటులోని బలహీనత. పంపలేదన్న విషయం కమిషనర్‌కు తెలియాలంటే కార్మికుడే వచ్చి చెప్పాలి. చెప్పాలంటే ఆ హక్కు ఉందని అతనికి తెలియాలి. 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషన్ అనంతరం, 1933 సవరణ 10-ఎ, 10-బి సెక్షన్లను చేర్చింది. ఏ మార్గంలో కార్మికుని మరణవార్త తెలిసినా కమిషనర్ తానే యజమానిని వివరణ కోరవచ్చు. మరణానికి ఇంత జాగ్రత్త తీసుకున్న సవరణ, ప్రాణాలతో మిగిలిన క్షతగాత్రునికి అదే స్థాయి రక్షణ ఇవ్వలేదు.

పట్టిక తేల్చలేని చోట వాదన మళ్లీ ప్రవేశించింది. సినిమా హాలు అలంకరణ పనిలో 1968లో పడిపోయి ఎడమ చేయి కోల్పోయిన ఒరిస్సా వడ్రంగి కేసు అందుకు ఉదాహరణ. అది పాక్షిక అశక్తత మాత్రమేనని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక అది సంపూర్ణ అశక్తతేనన్న కమిషనర్ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో సమర్థించింది. గాయపడిన క్షణం నుంచే చెల్లింపు బాధ్యత మొదలవుతుందని, కమిషనర్ తేల్చేదాకా వేచి ఉండటం కుదరదని చెబుతూ జరిమానాను, వడ్డీని కూడా నిలబెట్టింది. రూ. 9,800 పరిహారం కోసం ఒక వడ్రంగి ఏడేళ్లు సుప్రీంకోర్టు దాకా నిలవవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో సహాయ కార్మిక కమిషనర్లు ఈ చట్టం కింద కమిషనర్లుగా వ్యవహరిస్తూ వచ్చారు. కానీ పారిశ్రామిక ప్రాంతాలలో రాజీ తరచు వారి కార్యాలయం బయట, ఫ్యాక్టరీ గేటు వద్ద కుదురుతుంది. మృతదేహంతో బంధువులు బైఠాయిస్తారు, సంఘం నాయకులు, పెద్దలు బేరమాడతారు, రాత్రికి ఒక అంకె తేలుతుంది. కొన్నిసార్లు ఆ అంకె చట్టపు లెక్కకు మించే ఉంటుంది కనుక ఈ పద్ధతిని తోసిపుచ్చడం సులభం కాదు. కాని ఆ చట్టపు 8వ సెక్షన్ ప్రకారం మరణ పరిహారాన్ని కమిషనర్ వద్ద జమ చేయవలసి ఉండేది. ఆశ్రితులకు నేరుగా ఇచ్చినది పరిహారపు చెల్లింపు కింద లెక్కకు వచ్చేది కాదు. జమలోంచి యజమానికి తిరిగి దక్కేది ఆశ్రితులకు ముందుగా ఇచ్చిన సొమ్ములో మూడు నెలల వేతనం మేరకే ఉండేది. వితంతువుకెంత, పిల్లలకెంత, వృద్ధులైన తల్లిదండ్రులకెంత అన్న పంపకం కూడా కమిషనర్ పనిగానే ఉండేది. గేటు వద్ద కుదిరే రాజీలో ఆ పంపకం చేసేది సాధారణంగా ఆ సొమ్ము అందుకున్న మనిషే.