నల్లమల యురేనియం అన్వేషణ: బోరు నుంచి వ్యర్థాల చెరువు దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 వరకు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. వీటిలో నల్లమల అడవి, అమ్రాబాద్ పీఠభూమి, చెంచు పెంటలు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాయి. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ప్రతిపాదనలో దాదాపు 4,000 బోర్లున్నాయి. అధికార పత్రాల్లో ఇది ‘సర్వే’ మాత్రమే. స్థానికులు దానిని గనికి తొలిమెట్టుగా చూశారు. ఆ చూపుకు చారిత్రక ఆధారముంది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని నడుస్తోంది. అక్కడి ఖనిజంలో యురేనియం 0.1 శాతం కూడా లేదు. తవ్విన రాయి దాదాపు అంతా పిండియై వ్యర్థాల చెరువుకు చేరవలసిందే. యురేనియాన్ని వేరుచేసినా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ వ్యర్థంలోనే మిగులుతుంది. అందులోని రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. మనకు తెలిసిన శాసనాల్లో చాలావాటి వయసు అంత లేదు! చెరువు సమీపంలోని కె.కె. కొట్టాల రైతులు తమ బోరునీరు, పంటలు పాడయ్యాయని ఫిర్యాదు చేశారు. నల్లమల ఉద్యమకారులు ఈ అనుభవాన్నే ఉదాహరించారు.

రేడియం సమస్య యురేనియం గనులకే పరిమితం కాదు. చమురు, వాయువుల డ్రిల్లింగులో భూగర్భపు ఉప్పునీటితో పాటు రేడియం పైకి వచ్చి, గొట్టాల పొలుసుల్లోనూ బురదలోనూ పేరుకుంటుంది. అమెరికాలో 1980 నాటి చట్ట సవరణ, 1988 నాటి పర్యావరణ సంస్థ నిర్ణయం ఆ వ్యర్థాలను ప్రమాదకర వ్యర్థాల నిబంధనల నుంచి మినహాయించాయి. ఫలితంగా అవి చాలాచోట్ల మామూలు చెత్త పూడ్చే స్థలాలకే చేరాయి. పేరు మార్చినంత మాత్రాన పదార్థం మారదు. ‘సర్వే’ అన్న మాటకూ ఇది వర్తిస్తుంది. బోరు వేస్తే రాతిపొడి, బురద బయటికొస్తాయి. సరిగా మూయని రంధ్రం వేర్వేరు లోతుల నీటిపొరలను కలిపేస్తుంది.

నల్లమల కంటే ముందు, 2003లోనే, నల్లగొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు గనుల ప్రతిపాదనకు ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. ఆ ప్రాంతం నాగార్జునసాగర్ జలాశయం అంచున ఉంది. నల్లమలను ఒరుసుకొని పారే కృష్ణ, డిండి జలాలు చేరేదీ ఆ సాగర్‌కే. హైదరాబాదుకు కృష్ణా తాగునీరు అక్కడి నుంచే వస్తుంది. కనుకనే 2019లో చెంచుల ఆందోళన నగరానికీ పాకింది. ఆ సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది.