రాతి కింది నీరు: దక్కను మెట్టలో బోరుబావి చరిత్ర

విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలో పోరుమామిళ్ల చెరువును కట్టించి 1369లో వేయించిన సంస్కృత శాసనం, వెయ్యిమంది కూలీలూ వంద బండ్లూ రెండేళ్లు పనిచేసిన సంగతితో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ ఉండకూడని ఆరు దోషాలనూ ఏకరువు పెడుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం వంటి దోషాల సరసనే, నీరు కొద్దిగా ఉండి తడపవలసిన నేల విస్తారంగా ఉండటాన్ని కూడా శాసనకర్త చేర్చాడు. నిర్మాణంతో పాటే దాని హద్దును కూడా రాతి మీద చెక్కించిన ఆ జాగ్రత్త, ఆరు శతాబ్దాల తరువాత అదే నేలలోకి దిగిన బోరుబావి విషయంలో కనిపించదు. ఆ యంత్రం వల్ల నేలకూ నీటికీ జరిగే నష్టాన్ని లెక్కగట్టే పని, అది పల్లెపల్లెకూ పాకిన తరువాత గాని మొదలు కాలేదు.

తెలంగాణలో అధిక భాగమూ, రాయలసీమలో అనంతపురం వైపు ప్రాంతమూ గట్టి గ్రానైటు రాతి మీద ఉన్నాయి. రాయి శిథిలమై మెత్తబడిన పై పొర మాత్రమే నీటిని బాగా నిలుపుకుంటుంది. దాని కింద నీరు రాతి చీలికల్లోనే, అదీ లోతుకు పోయేకొద్దీ తరిగిపోతూ దొరుకుతుంది. పాత బావుల సేద్యమంతా ఈ పై పొర మీద ఆధారపడినదే. బావి గట్టున పాతిన గుంజలకు గిలకను బిగించి, తోలుతో గాని ఇనుముతో గాని చేసిన పెద్ద బొక్కెనకు మోకు కట్టి, జత ఎద్దులను ఏటవాలు దారిలో దిగువకు తోలుతూ నీటిని పైకి లాగే ఏర్పాటును మోట అనేవారు. బొక్కెన గట్టుకు చేరగానే దాని అడుగున ఉన్న తోలు తొండం వాలి నీటిని తొట్టిలోకి కుమ్మరించేది; ఎద్దులు వెనక్కి నడిస్తే బొక్కెన మళ్లీ బావిలోకి దిగేది. ఎద్దుల మేతా, రైతు ఒళ్లు నొప్పులూ నీటి ఖరీదును రోజూ గుర్తుచేసేవి. బావిలోకి తొంగిచూస్తే చాలు, నీరు ఎంత కిందికి పోయిందో తెలిసేది. అయినా మోట కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించే రచనలతో ఏకీభవించడం కష్టం. ఎకరం రెండెకరాల తడికి మనిషీ పశువూ తెల్లవారుజాము నుంచి నలిగిపోయేవారు. బావి తవ్వించే స్తోమత ఊరికి కొద్దిమందికే ఉండేది.

బోరు యంత్రం ఈ దేశపు గట్టి రాతి నేలల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది తాగునీటి కోసం. 1966-67లో బీహారు, ఉత్తరప్రదేశ్‌లను కరవు పట్టి పీడించినప్పుడు, గాలి పీడనంతో రంధ్రం అడుగునే సుత్తిపోటు వేసే రిగ్గులను యునిసెఫ్ తెప్పించింది. అంతకుముందు వారాల తరబడి పట్టే రాతి తవ్వకం వాటితో గంటల పని అయింది. 1970లలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు ఆ బోర్లకు తోడై, ఊరి నడుమనే నీరందించి, దిగుడుబావుల కలుషిత నీటి నుంచి ఎన్నో గ్రామాలను తప్పించింది. ఈ మేలును పక్కన పెట్టి నష్టాలను మాత్రమే తూచితే లెక్క తప్పుతుంది.

తరువాతి దశ సేద్యానిది. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బయలుదేరిన ప్రైవేటు రిగ్గు బండ్లు తెలుగు పల్లెల్లో వేసవి దృశ్యంగా మారాయి. పాయింటు చూసేవాడు కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో చోటు చూపిస్తే, కేసింగ్ పైపు దించి, రాడ్డు మీద రాడ్డు వేస్తూ రాత్రంతా తవ్వేవారు. రంధ్రం నుంచి తెల్లటి రాతిపొడి ఎగసినంత సేపూ రైతు గుండె దడదడలాడేది, పొడి తడిసి బురదగా మారితే ఊపిరి పీల్చుకునేవాడు. నీరు ఎంత పడిందన్నది ఇంచుల్లో చెప్పుకునేవారు. బోరులోనే మునిగి ఉండి కింది నుంచి నీటిని నెట్టే సబ్‌మెర్సిబుల్ మోటారు రావడంతో, పొరుగు రైతు లోతుకు పోయినప్పుడల్లా ఇవతలి రైతు ఇంకా లోతుకు పోవలసి వచ్చింది. పాత బావుల్లో వేసిన అడ్డబోర్లు, అంటే బావి గోడల్లోకి పక్కకు తొలిచిన రంధ్రాలు, కొన్నాళ్లు ఆదుకుని అవీ ఎండాయి. అప్పు చేసి వేసిన బోర్లు వరసగా విఫలమై రైతులు ప్రాణాలు తీసుకున్న ఉదంతాలు 1990ల చివర నుంచి ఈ చరిత్రలో భాగమయ్యాయి.

విద్యుత్ విధానం ఈ పోటీకి అండ అయింది. 1980లలో మీటరు రీడింగుకు బదులు మోటారు హార్స్‌పవర్ లెక్కన ఛార్జీ నిర్ణయించడం, 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించడం, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలుకావడం, ఈ మూడింటితో అదనంగా తోడే ప్రతి గంటకూ రైతు చేతి నుంచి పడే ఖర్చు దాదాపు సున్నా అయింది. కరెంటు రాగానే దానంతటదే మోటారును నడిపించే ఆటోస్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలవలసి వచ్చింది. కాలువ ఎరుగని చెలక రైతును ఇందుకు తప్పుపట్టడం అన్యాయం. చెరువులు పూడికతో నిండుతుంటే ఆయకట్టు రైతు కూడా బోరునే నమ్ముకున్నాడు. అయితే రైతు కట్టని మూల్యం మాయం కాలేదు. కొంత కొత్తగూడెం, రామగుండం కేంద్రాల్లో బొగ్గుగా కాలి బూడిద చెరువులకు చేరింది, కొంత నల్గొండ తాగునీటిలో తేలింది.

ఫ్లోరైడ్ బెడదను బోరు పుట్టించలేదు. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు గట్టిపడి వెన్ను వంగిపోయే ఫ్లోరోసిస్‌ను షార్ట్ అనే వైద్యుడూ సహచరులూ 1937లోనే వైద్య లోకానికి వివరించారు. గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. నీరు రాతితో ఎంత కాలం అంటిపెట్టుకుని ఉంటే, అందులో కాల్షియం ఎంత తక్కువైతే, ఆ కరగడం అంత ఎక్కువ. లోతు చీలికల్లోని పాత నీటిని తోడటమూ, తోడిన నీరు వరిమడిలో ఆవిరై చిక్కబడి మళ్లీ ఇంకడమూ ఆ సహజ దోషాన్ని పెంచగలవు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్న పరిమితిని ఎన్నో రెట్లు మించిన బావులు నల్గొండ జిల్లాలో ఉండేవి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నీరీ సంస్థ పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది గాని, రోజూ మందు కొలిచి కలిపే మనిషీ, మిగిలే మడ్డిని తొలగించే ఏర్పాటూ లేని ఊళ్లలో అది నిలవలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేయడం, పుస్తకమంత బ్యాలెట్ల కోసం పోలింగు వాయిదా పడటం, నీటి కోసం జల సాధన సమితి నడిపిన నిరసన ఫలితం.

2002 నాటి జల, భూమి, చెట్ల చట్టం బోర్ల మధ్య దూరాన్నీ రిగ్గుల నమోదునూ కట్టడి చేయబోయింది. ఒక్కో బోరు తోడే నీటి పరిమాణం మాత్రం ఎవరి పుస్తకంలోనూ ఎక్కలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించింది. ఆ మరుసటి ఏడు ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని శుద్ధి చేసి ఇళ్లకు చేర్చడంతో నల్గొండ తాగునీటికి బోరు అవసరం చాలావరకు తప్పింది. పొలాల్లో బోరు కొనసాగుతూనే ఉంది. 2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద సౌర పలకలతో నడిచే మోటార్లు వస్తున్నాయి. వాటికి బొగ్గూ అక్కరలేదు, బిల్లూ లేదు, ఎండ ఉన్నంత సేపూ అవి నీటిని తోడగలవు.